నీటినుండి ఉదజని

ఆలంపూర్ చెంత ప్రవహించు తుంగభద్ర నీటిలో ఒక ఇంధనమునకు మూలమున్నది. నీరు ఉదజని, ఆమ్లజని అను వాయువుల కలయిక. విద్యుత్తును ప్రసరింపజేసినచో అవి విడిపోవును. తొమ్మిది కిలోల నీటినుండి ఒక కిలో ఉదజని లభించును.

పొలములకు వేయు యూరియాకు అమ్మోనియా మూలము. అమ్మోనియాకు ఉదజని మూలము. నేడు మన దేశమున ఎరువులకు వలయు ఉదజనిని అధికభాగము సహజవాయువునుండి తీయుచున్నారు. అందువలన బొగ్గుపులుసు వాయువు వెలువడుచున్నది. సహజవాయువును కొంత విదేశములనుండి కొనవలసి వచ్చుచున్నది.

నీటినుండి ఉదజనిని తీయుట మనకు క్రొత్త కాదు. పంజాబులో 1961లో ప్రారంభమైన నంగల్ ఎరువుల కర్మాగారము భాక్రా జలవిద్యుత్తుతో ఈ పని సాగించినది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నులు ఉత్పత్తి చేయవలెనను లక్ష్యముతో కేంద్ర ప్రభుత్వము 2023 జనవరిలో ఒక జాతీయ పథకమును ఆమోదించినది. విశాఖపట్టణము చెంత పూడిమడకలో 2025 జనవరిలో ఇట్టి కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది.

అయితే నీరే ఇంధనము కాదు. కిలో ఉదజనికి సుమారు 50 యూనిట్ల విద్యుత్తు వలయును. అది బొగ్గునుండి వచ్చినచో ఆశించిన మేలు కలుగదు; జూరాలవలె జలమునుండియో, సూర్యరశ్మినుండియో, గాలినుండియో రావలెను. శుద్ధిచేయుటకు, యంత్రములను చల్లబరచుటకు నీరు అదనముగా వలయును.

కావున ఇట్టి కర్మాగారము మీ ప్రాంతమునకు వచ్చునెడల, విద్యుత్తు ఎచ్చటిది, నీరెంత, వేసవిలో త్రాగునీటికి, సాగునీటికి లోటు రాదా అని గ్రామసభలో విచారింపుడని పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయుచున్నాము.