ఒక చేను, అయిదారు కోతలు

తెలంగాణలోని జహీరాబాద్ ఎర్రచెల్కల్లో కోత ఒక్కరోజు పని కాదు. భాద్రపదంలో పెసరకాయ ఏరడంతో మొదలవుతుంది, పుష్యమాఘాల్లో కంది కొట్టడంతో ముగుస్తుంది. ఆ నాలుగైదు నెలల్లో కొడవలి అదే చేలోకి మళ్లీమళ్లీ దిగుతుంది. తొలకరికి ఎకరంలో కలిపి వేసిన పది పన్నెండు రకాల గింజల్లో దేని గడువు దానిదే. పెసర రెండు నెలలు దాటగానే చేతికొస్తుంది. కొర్ర, సామ మూడు నెలలకు కాస్త అటూ ఇటూ. ఆ వెనక సజ్జ, పచ్చజొన్న, నువ్వులు, బొబ్బర్లు, అనుములు. అన్నీ ఇంటికి చేరాక కూడా కంది చేనులోనే ఉంటుంది.

ఈ నేల లోతు తక్కువ, గులకరాళ్లు ఎక్కువ. బోరు వేసినా నీరు పడుతుందన్న నమ్మకం లేదు. ఇలాంటి చోట ఒకే పంట వేస్తే ఏడాదంతా ఒక్క వానకు తాకట్టు పెట్టినట్టే. శ్రావణంలో ఇరవై రోజులు చినుకు లేకపోతే పెసర మాడిపోవచ్చు. లోతుకు వేరు దించిన కంది మాత్రం నిలదొక్కుకుని, తరవాతి వానకు తిరిగి చిగురిస్తుంది. ఆశ్వయుజంలో ముసురు పట్టి జొన్నకంకి నల్లబడినా, అప్పటికే కొర్రలు, సామలు గుమ్మికెక్కి ఉంటాయి. పంట మొత్తం పోయే ఏడు బహు అరుదు. అలాగే అన్నీ విరగపండే ఏడూ అరుదే. ఈ సేద్యం గురించి గొప్పగా చెప్పేవారు ఈ రెండో మాటను సాధారణంగా వదిలేస్తుంటారు.

నేలకు జరిగే మేలు కూడా ఈ కలయికలోనే ఉంది. పెసర, మినుము, కంది వేర్లపై ఉండే బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి నేలలో నిలుపుతాయి. ఆరు నెలల పాటు కంది రాల్చే ఆకు అక్కడే మగ్గి ఎరువవుతుంది. ఒకటి పొట్టిగా, ఒకటి ఎత్తుగా పెరగడంతో నేలంతా కప్పి ఉంటుంది, ఎండకు తడి ఆరిపోదు, వానకు మట్టి కొట్టుకుపోదు. జొన్నచొప్ప పశువులకు, పేడ పెంటకుప్పకు, పెంట చేనుకు. కందికట్టె పొయ్యిలోకి పోతుంది. వంటచెరుకు దొరికిన ఇంట్లో పేడను పిడకలు చేసి కాల్చే పని తగ్గుతుంది. అదీ నేలకే దక్కుతుంది. అమెరికాలో 1980ల్లో రాబర్ట్ రోడేల్ ప్రచారంలోకి తెచ్చిన 'పునరుజ్జీవన సేద్యం' అన్న మాట ఈ ఊళ్లకు తెలియదు. పని మాత్రం తెలుసు.

తెలిసిన పని కూడా ఒక దశలో ఆగిపోబోయింది. కిలో 2 రూపాయల బియ్యం పథకం 1983లో వచ్చింది. పేదల ఆకలి తీర్చిన ఆ పథకమే జొన్నరొట్టెను పళ్లెంలోంచి, జొన్నను చేనులోంచి పక్కకు నెట్టింది. చాలా చెల్కలు బీడుపడ్డాయి. అదే 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టడం కాకతాళీయమే. అంతకు ముందు దూరదర్శన్‌లో పనిచేసిన పి.వి. సతీష్, మరికొందరు కలిసి దాన్ని మొదలుపెట్టారు. పస్తాపూర్ కేంద్రంగా, నేటి సంగారెడ్డి జిల్లాలో డెబ్బై అయిదు దాకా ఊళ్లలో మహిళా సంఘాలు ఏర్పడ్డాయి. సభ్యుల్లో అత్యధికులు దళిత స్త్రీలు. వారి చేతిలో ఉన్నదల్లా ఎవరూ దున్నని ప్రభుత్వ పట్టా భూములు, కాస్తో కూస్తో సొంత చెల్క.

1990ల నడుమ ఈ సంఘాలు చేపట్టిన ధాన్యనిధి అన్నిటికన్నా తెలివైన ఏర్పాటు. బీడు దున్నడానికి, పెంట తోలించడానికి రైతుకు అప్పు ఇచ్చేవారు. తీర్చాల్సింది డబ్బుగా కాదు, కొన్నేళ్ల పాటు జొన్నలుగా. అలా కల్లంలోంచి వచ్చిన గింజను ఊళ్లోనే నిలవచేసి, పాత గింజ అయిపోయి కొత్త పంట రాని వానాకాలంలో ఊరి నిరుపేదలకు తక్కువ ధరకు అమ్మేవారు. చౌకదుకాణం ఎక్కడో పండిన బియ్యాన్ని తెస్తే, ఇది ఊరి గింజను ఊళ్లోనే ఉంచింది.

ఇక విత్తనం. కోతకు ముందే ఆడవాళ్లు చేనంతా తిరిగి బలమైన కంకులను గుర్తుపెట్టి వేరుగా కోస్తారు. ఎండబెట్టి, బూడిదా వేపాకూ కలిపి బుట్టల్లో పోసి, మూతికి మట్టి మెత్తుతారు. పొరుగామె విత్తనం అడిగితే ధర చెప్పరు, కొలిచి ఇస్తారు. పంట వచ్చాక ఆమె అంతకన్నా కాస్త ఎక్కువ కొలిచి తిరిగి పోస్తుంది.

యాసంగిలో నల్లరేగడిలో వేసే శనగ, కుసుమ, అవిసె, తెల్లజొన్నలను ఇక్కడ 'సత్యం పంటలు' అంటారు. వాన, నీటి తడి, ఎరువు, మందు ఏమీ అడగకుండా మంచుకే పండుతాయని ఆ పేరు. వానాకాలపు తడిని రేగడి పట్టి ఉంచడమే అసలు కారణమని వ్యవసాయ శాస్త్రం చెబుతుంది. చేనులో కలుపు అనుకునే తుమ్మికూర, జొన్నచెంచలి, దొగ్గలికూర కూడా ఇక్కడ కూరగిన్నెలోకే చేరతాయి.

ఈ చేలకు నగరం మరీ దూరమేమీ కాదు. జహీరాబాద్‌కు హైదరాబాద్ నుంచి దారి పంజాగుట్ట, అమీర్‌పేట, కూకట్‌పల్లి మీదుగా పోయే ముంబయి రోడ్డే. దూరం సుమారు వంద కిలోమీటర్లు. ఎడ్లపై ధాన్యం, ఉప్పు మోసి దక్కన్‌కు సరుకు అందించిన బంజారాల పేరే నగరంలోని బంజారా హిల్స్‌కు వచ్చింది. ఇప్పుడు ఆ గుట్టల మీది దుకాణాల్లో కొర్రలు, సామలు అందమైన పొట్లాల్లో బియ్యాన్ని మించిన ధరకు అమ్ముడవుతున్నాయి. చిరుధాన్యాలను చౌకధరకు ఇవ్వాలని 2013 ఆహార భద్రత చట్టం చెప్పింది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. గౌరవానికి లోటు లేదు. లోటల్లా వరికి ఉన్నట్టు ఊరూరా కొనుగోలు కేంద్రం సామకు, కొర్రకు లేకపోవడమే.

చిక్కులు ఇంకా ఉన్నాయి. పది పంటల చేనులో కోతయంత్రం దిగదు. కోత, నూర్పిడి, తూర్పారబట్టడం అన్నీ చేతిపనే, అదీ ఎక్కువగా ఆడవాళ్ల చేతిదే. సామ, కొర్రల పొట్టు తీయడం మరో శ్రమ. పక్క పొలంలో చెరకు, పత్తి ఆశ చూపిస్తుంటాయి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి కోసం దాదాపు 12,600 ఎకరాలు సేకరించాలన్నది ప్రభుత్వ ప్రతిపాదన. కరవును తట్టుకున్న చేను భూసేకరణను తట్టుకోలేదు.

పలు పంటలు కలిపి వేసే ఈ దారినే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కార్యక్రమంగా పట్టింది. రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి సేద్యాన్ని విస్తరిస్తోంది. తొలకరికి ముందే పలు రకాల గింజలు పొడినేలలో చల్లించి, నేలను ఏడాది పొడవునా పచ్చగా ఉంచడం అందులో ముఖ్యమైన పద్ధతి. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్‌ గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది.

జహీరాబాద్ ఊళ్లలో సంక్రాంతికి పాతపంటల జాతర బయలుదేరుతుంది. విత్తనాల కుండలతో అలంకరించిన ఎడ్లబండ్లు దాదాపు నెల రోజులు ఊరి నుంచి ఊరికి సాగుతాయి. చూడదలచిన నగరవాసికి పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి రాగల దూరమే. ఆ రోజుల్లో కంది కోత కూడా నడుస్తూ ఉంటుంది.