ఒకే ప్రింటు, రెండు హాళ్లు

సినిమా మధ్యలో బొమ్మ ఆగిందంటే హాల్లో ఈలలు, కేకలు. మీరూ వినే ఉంటారు. ఆ కోపమంతా పైగదిలో ఉన్న ఆపరేటరు మీదే. పాపం, ఆయన పాట్లు మనకు కనపడవు.

ఇప్పుడు చాలా హాళ్లలో ఫిల్ము లేదు. అప్పట్లో నిమిషానికి 90 అడుగుల ఫిల్ము మిషన్‌లో తిరిగేది. రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు. అంటే నాలుగు కిలోమీటర్ల పైనే! దాన్నే ప్రింటు అంటారు. ప్రింటు ఖరీదు ఎక్కువ. అందుకని మన ఊళ్లలో ఒకే ప్రింటును రెండు హాళ్లలో ఆడించేవారు. ఇక్కడ అయిన రీలును సైకిలు మీద అక్కడికి చేర్చేవారు. సైకిలు రాకపోతే ఆట ఆగినట్టే.

అమెరికాలో ఒకే కప్పు కింద చాలా హాళ్లు ఉండేవి. అక్కడ సైకిలు అక్కర్లేదు. రీళ్లన్నీ అతికించి పెద్ద పళ్లెం మీద చుట్టేవారు. ఫిల్ము మొదటి ప్రొజెక్టరులోంచి వచ్చి, గోడకు బిగించిన చిన్న చక్రాల మీదుగా రెండో ప్రొజెక్టరులోకి పోయేది. బావి గిలక మీద చేదతాడు పోయినట్టే అనుకోండి. ఆ తర్వాత ఇంకో పళ్లెం మీద చుట్టుకునేది. మధ్యలో 45 అడుగుల ఫిల్ము ఉంటే, రెండో హాల్లో అదే బొమ్మ అర నిమిషం ఆలస్యం. ఇక్కడ నవ్వులు ఆగాక అక్కడ నవ్వులు!

చిక్కంతా వేగంతోనే. రెండు మిషన్లూ సమానంగా తిరగాలి. అందుకే రెండు మోటార్లనూ జతచేసి నడిపేవారు. మొదటిది జోరుగా తిరిగితే ఫిల్ము వదులై కిందికి జారేది. రెండోది జోరుగా తిరిగితే బిగిసి తెగేది. ఇక రెండు హాళ్లలోనూ చీకటే. ఆపరేటరు కొసలు వెతికి, టేపుతో అతికించేదాకా రెండు హాళ్లవాళ్ల కేకలూ ఆయనే పడాలి.