ఆ దగ్గు ఎక్కడిది?

గుండె జబ్బుతో నీరసించిన మా అత్తగారిని రేపల్లె నుంచి తెనాలి తీసుకొచ్చాం. నెల తిరక్కుండానే పొడిదగ్గు పట్టుకుంది. మిరియాల కషాయం, బుగ్గన కరక్కాయ, అన్నీ అయ్యాయి. తెమడ పరీక్షలో క్షయ లేదన్నారు. "నీకూ నిద్ర లేకుండా చేస్తున్నానే అమ్మాయ్" అని ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు.

బాపట్ల నుంచి చూడవచ్చిన ఆడపడుచు "కొత్తగా ఏం మాత్ర వేస్తున్నారు వదినా?" అంది. ఎనాలాప్రిల్! డాక్టరుగారిని అడిగితే, ఆ రకం మాత్రలతో కొందరికి పొడిదగ్గు వస్తుందట. మందు మార్చారు. మూడు వారాల్లో దగ్గు తగ్గింది. జబ్బు అలాగే ఉంది, నిద్ర మాత్రం దక్కింది.

రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించండి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. వాడే మాత్రలన్నీ డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ మాన్పించకండి.