సిగార్ పెట్టెకు రెండు పరీక్షలు: మే ఎండ, ఆగస్టు ముసురు

గోదావరి లంకల్లో చుట్ట పొగాకు పండించే రైతు మిట్టమధ్యాహ్నం ఎండిన ఆకు జోలికి పోడు. చెయ్యి తగిలితే పొడిపొడి అయిపోతుంది. రాత్రి మంచుకు ఆకు పదునెక్కాక, తెల్లవారుజామున దించుతాడు. పదును తగ్గితే ఆకు చిట్లుతుంది, మించితే బూజు పడుతుంది. క్యూబా నుంచో నికరాగువా నుంచో వచ్చే సిగార్ కూడా చుట్టిన ఆకే కాబట్టి దానికీ ఇదే వర్తిస్తుంది. ఆ పదునును ఏడాది పొడవునా నిలబెట్టాల్సిన పెట్టె హ్యూమిడార్.

సిగార్‌కు పెట్టెలోపల 65 నుంచి 70 శాతం తేమ, 18 నుంచి 21 డిగ్రీల వేడి ఉంటే చాలు. తేమ బాగా తగ్గితే పై ఆకు పగులుతుంది, వాసననిచ్చే నూనెలు ఆవిరైపోతాయి. బాగా పెరిగితే లోపలి ఆకు ఉబ్బి పై ఆకును చీలుస్తుంది, బూజు మొదలవుతుంది.

ఈ లెక్కను హిమాయత్ సాగర్ పరిసరాలకు తెచ్చి చూడాలి. 1908 మూసీ వరదల తర్వాత ఈసీ నదిపై కట్టి 1927లో పూర్తిచేసిన జలాశయం ఇది. 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక ఈ వైపు విల్లాలు, ఫాంహౌస్‌లు బాగా పెరిగాయి. విదేశాల నుంచి వచ్చేవారు సిగరెట్లు, ఇతర పొగాకు తేకపోతే 25 సిగార్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. తెచ్చినవి ఎక్కడ పెట్టాలన్నదే చిక్కు. పక్కనే ఇంత చెరువుంది, తేమకేం లోటని అనుకుంటే పొరపాటే. మే మధ్యాహ్నం వడగాలికి ఇక్కడి గాలి కూడా పొడిబారిపోతుంది, ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆగస్టు ముసురులో అదే గాలి తేమతో బరువెక్కుతుంది. యూరప్ ఇళ్ల కోసం చేసిన పెట్టెకు ఇలాంటి రెండు కొసల మధ్య నిలబడే అవసరం అంతగా రాదు. మన దగ్గర అదే అసలు పరీక్ష.

ముందు మూత, తర్వాతే మెరుగు

పెట్టె మంచిదా కాదా అన్నది మూత దగ్గరే తేలిపోతుంది. అంచు మీద పది రూపాయల నోటు ఉంచి మూత వేసి లాగండి. పట్టు తగలకుండా జారి వచ్చేస్తే అక్కడ సందు ఉన్నట్టే. నాలుగు వైపులా ఇలాగే చూడాలి. ఫోన్ టార్చ్ వెలిగించి లోపల పెట్టి, మూత వేసి, గదిలో దీపాలు ఆర్పితే ఏ మూల సందున్నా వెలుతురు గీత కనిపిస్తుంది. మంచి పెట్టె మూత చివరి అంగుళంలో లోపలి గాలి అడ్డుపడి మెల్లగా కూర్చుంటుంది. మూతకు అద్దం బిగించిన రకాలు చూడముచ్చటగా ఉంటాయి కానీ, అద్దం చుట్టూ అతుకుల్లోంచి తేమ పోయే అవకాశం ఎక్కువ.

లోపలి చెక్క స్పానిష్ సెడార్ అయితే మేలు. పేరులో సెడార్ ఉన్నా ఇది దేవదారు జాతి కాదు, మన వేపకూ మహాగనికీ చుట్టం. తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది, తగ్గితే వదులుతుంది, తేలిగ్గా కుళ్లదు. ఆ గుణం పనిచేయాలంటే చెక్క కాస్త మందంగా ఉండాలి, లోపలివైపు వార్నిష్ ఉండకూడదు. బయటి గోడలు ఎండీఎఫ్‌వి అయినా తప్పులేదు. దాని మీద కాగితమంత పల్చని సెడార్ పొర అతికించి అమ్మే పెట్టెలతోనే నష్టం.

కొలిచేది, తేమనిచ్చేది

పెట్టెతో ఉచితంగా వచ్చే, తేమ కొలిచే ముల్లు హైగ్రోమీటర్‌ను నమ్ముకోవద్దు. డిజిటల్‌ది కొని, దాన్ని కూడా వంటింటి ఉప్పుతో పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, ముద్దయ్యేదాకా నాలుగు చుక్కల నీళ్లు కలపండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ హైగ్రోమీటర్‌నూ ఒకే జిప్ కవర్లో మూసి ఒక రోజు ఉంచండి. తడి ఉప్పు తన చుట్టూ గాలిని 75 శాతం తేమ దగ్గర నిలుపుతుంది. మీ పరికరం 71 చూపిస్తే, ఇకపై చూపిన ప్రతి అంకెకూ 4 కలుపుకోవాలి.

తేమనిచ్చే సాధనం ఎంపికలో మన వాతావరణాన్ని మరవకూడదు. తడి స్పాంజి తేమ ఇవ్వగలదే గానీ, వానాకాలంలో ఎక్కువైన తేమను తీసుకోలేదు. లవణ ద్రావణంతో చేసిన బొవేడా లాంటి ప్యాకెట్లు రెండు పనులూ చేస్తాయి. వీటిలో 65 లేదా 69 శాతం రకం ఇక్కడికి సరిపోతుంది. స్పాంజే వాడేవారు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బోరు నీళ్లలోని లవణాలు దాన్ని పూడ్చేస్తాయి.

వేడి సంగతి వేరు. ఎంత ఖరీదైన చెక్కపెట్టె అయినా వేడిని ఆపలేదు. 24, 25 డిగ్రీలు దాటాక పొగాకు పెంకుపురుగు గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చే ప్రమాదం పెరుగుతుంది. గోదాముల్లో పసుపు, మిరపకాయలను తొలిచేదీ ఈ పురుగే. శనాదివారాల్లో ఏసీ నడిచి, మిగతా రోజులు తలుపులు మూసి ఉండే ఫాంహౌస్ గది ఇందుకు అస్సలు పనికిరాదు. రోజూ మనుషులు మసలే ఇంట్లో, ఎండ తగలని లోపలి గోడ పక్కన పెట్టాలి. వేసవిలో అదీ చాలకపోతే, వేడిని అదుపు చేసే విద్యుత్ క్యాబినెట్ కొనాల్సిందే.

ఏ పెట్టె అయినా చేయలేని పని ఒకటుంది. అది సిగార్ రుచిని కాపాడుతుంది తప్ప హానిని తగ్గించదు. పొగ లోపలికి పీల్చకపోయినా నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. కాల్చే అలవాటు లేనివారు పెట్టె అందం చూసి మొదలుపెట్టవద్దు.

అమెరికా అధ్యక్షుడు కెనెడీకి నటుడు మిల్టన్ బెర్ల్ 1961లో ఇచ్చిన హ్యూమిడార్ 1996 వేలంలో 5,74,500 డాలర్లు పలికింది. అది ఆ మనిషి పేరుకు కట్టిన వెల. ఇంటికి కొనే పెట్టెకు కట్టాల్సిన వెల అది చేసే పనికి. డబ్బు తక్కువైతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సెడార్ పలక, ఒక ప్యాకెట్, డిజిటల్ హైగ్రోమీటర్ పెట్టుకోండి. మూత సరిగా పడని నగిషీ పెట్టె కన్నా అది ఎంతో నయం. చెక్కపెట్టే కొంటే, సిగార్లు సర్దేముందు 84 శాతం ప్యాకెట్లతో రెండు వారాలు ఖాళీగా మూసి ఉంచండి. కొత్త చెక్క తేమ తాగాలి కదా. ఆ తర్వాత మామూలు ప్యాకెట్ పెట్టి వారం పాటు అంకె గమనించండి. కదలకుండా నిలిస్తేనే సర్దండి. నిలవకపోతే ఎంత ముద్దొచ్చినా దుకాణానికి తిరిగి ఇచ్చేయండి.