హక్కు అను మాట

అప్పు దరఖాస్తులలోను, దస్తావేజులలోను "ఈ భూమిపై నాకు సర్వహక్కులు కలవు" అని వ్రాయుట వాడుక. ఆ మాట బరువెంతయో తెలిసి వ్రాయుట మేలని తలచి, సభ్యులకు దాని యర్థమును విన్నవించుచున్నాము.

హక్కు అరబ్బీ పదము. ఆ భాషయందు దానికి సత్యము, న్యాయముగా రావలసినది అని యర్థములు. పారసీకము, ఉర్దూల మూలమున కచేరీ వ్రాతలలో ప్రవేశించి, నేడు పల్లెవారి నోటి మాటయైనది. దావా యనునదియు అరబ్బీయే. దానికి అడుగుట, కోరుట అని యర్థము. దావా ఎవరైనను వేయవచ్చును. ఆధారముతో నిరూపించిన వానికే హక్కు దక్కును.

రైతులు హక్కుతో కలిపివేయు మాటలు మరి రెండు గలవు. భూమి చేతిలో నుండుట స్వాధీనము. సర్కారు లెక్కలో పేరుండుట పట్టా. ఇవి హక్కునకు సాక్ష్యములు కావచ్చును గాని, హక్కు కావు. రెవిన్యూ లెక్కలలో పేరు చేరినంతమాత్రమున యాజమాన్యము కలుగదని సుప్రీం కోర్టు పలుమారులు తీర్పు చెప్పినది.

ఒక రైతు తెల్లకాగితముపై వ్రాయించుకొని రెండెకరములు కొనెను అనుకొందము. సొమ్ము చెల్లించెను, దున్నుచున్నాడు. అతనికి స్వాధీనమే గలదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము నూరు రూపాయలు మొదలు అంతకు మించిన వెలగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు కావలయును. అమ్మినవాని కొమాళ్లు రేపు తగవు పెట్టినచో కొన్నవానికి కష్టము తప్పదు.

హక్కు గలవాడును ఊరకుండరాదు. అన్యుడు తన భూమిని బహిరంగముగను, తనకు ప్రతికూలముగను, ఎడతెగక 12 సంవత్సరములు అనుభవించినచో, 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము యజమాని హక్కు నశింపవచ్చును. కౌలు ఒప్పుకొని దున్నుట ఇట్టి అనుభవము కాదు.

సంఘమునందును ఈ భేదము గలదు. వాటాలెన్ని యున్నను సభ్యునకు ఓటొక్కటియే, అది హక్కు. అప్పు మాత్రము హక్కు కాదు. అర్హతను బట్టి మంజూరగునది.

కావున సభ్యులు సర్వహక్కులని వ్రాయుటకు ముందు తమ దస్తావేజును, పట్టాను, సర్వే నంబరును సరిచూచుకొందురు గాక. తండ్రి తాతల పేరనే నిలిచియున్న భూములను వారసుల పేర మార్పించుకొనుట మరువరాదు. తగవు వచ్చిన పిదప వెదకుటకంటె ముందుగా కాగితములు సమకూర్చుకొనుట సులభము.