బిగించి కట్టిన సమాచారం

రాయపూర్ నగరంలోని పండరీ ప్రాంతం బట్టల వ్యాపారానికి పేరుపొందినది. వస్త్రాలను దూరప్రాంతాలకు పంపవలసివచ్చినప్పుడు వాటిని అణచి, బిగించి, బేళ్ళుగా కట్టడం వర్తకంలో పరిపాటి. బట్ట తరగదు, అది ఆక్రమించే చోటు మాత్రమే తగ్గుతుంది. ఆ మేరకు రవాణా ఖర్చు కలిసివస్తుంది. ఇంటర్నెట్‌లో పుటలను కుదించి పంపే ప్రాక్సీ సర్వరు చేసే పని ఇంచుమించు ఇటువంటిదే.

పాఠకుడు ఒక పుటను కోరగానే, ఆ కోరిక మొదట ప్రాక్సీకి చేరుతుంది. ప్రాక్సీ ఆ పుటను తెప్పించి, కుదించి, పాఠకునికి అందజేస్తుంది. పాఠ్యభాగంలో పదే పదే వచ్చే అక్షరవరుసలను పూర్తిగా తిరిగి వ్రాయక, చిన్న గుర్తులతో సూచించడం ఇందలి కిటుకు. పాఠ్యం చెక్కుచెదరక తిరిగి విప్పబడుతుంది. చిత్రాల విషయం వేరు. వాటి పరిమాణాన్ని బాగా తగ్గించాలంటే స్పష్టతను కొంత వదులుకొనక తప్పదు.

మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సౌకర్యం కల్పించింది. నాటి టెలిఫోను తీగపై సెకనుకు 9,600 బిట్ల వేగంతో లక్ష బైట్ల పుట రావడానికి 83 సెకన్లు పట్టేది. దానినే 20 వేల బైట్లకు కుదిస్తే 17 సెకన్లు చాలును.

భారతీయ భాషలకు ఈ విద్య మరింత ఉపయుక్తం. నేడు వాడుకలో ఉన్న యుటిఎఫ్-8 పద్ధతిలో ఆంగ్లాక్షరానికి 1 బైటు సరిపోగా, తెలుగు, హిందీ లిపులలో ఒక్కొక్క సంకేతానికి 3 బైట్లు కావలెను. అయితే తెలుగు సంకేతాలలో మొదటి బైటు ఎల్లప్పుడూ ఒకటే. రెండవదానికి రెండు రూపాలే కలవు. ఈ పునరుక్తి వలననే ఆ అదనపు భారంలో అధికభాగం కుదింపులో తొలగిపోతుంది. రాయపూర్, భిలాయిలలో స్థిరపడిన తెలుగు కుటుంబాల బాలురు చదివే తెలుగు పుటకూ, వారి సహాధ్యాయుల హిందీ పుటకూ ఈ మేలు సమానమే.

ఒపేరా మినీ బ్రౌజరు 2006లో ఈ విధానాన్ని సామాన్యమైన ఫోన్లకు అందించింది. గూగుల్ సంస్థ 2014లో క్రోమ్ బ్రౌజరులో ఇటువంటి డేటా పొదుపు సదుపాయాన్ని ప్రవేశపెట్టి, పలు దేశాలలో మొబైల్ డేటా ధరలు తగ్గినవని పేర్కొంటూ 2022 మార్చిలో ఉపసంహరించింది.

ఇందులో ఒక చిక్కు కలదు. రహస్యలిపిలో భద్రపరచిన పుటను ప్రాక్సీ కుదించాలంటే దాని ముద్ర విప్పి చూడవలెను. అనగా పాఠకుని బ్యాంకు వివరాలు, సంకేతపదాలు మధ్యవర్తి కంటబడే అవకాశమున్నది. కొద్దిపాటి పొదుపు కొరకు అపరిచితుని చేతికి ఇంటి తాళపుచెవి ఇవ్వడం వివేకం కాదు. కనుక నమ్మదగిన సంస్థ నడిపే ప్రాక్సీనే ఎంచుకొనవలెను. ధనవ్యవహారాలకు దానిని వాడరాదు.

పంపేవాడే బేలును బిగించి కడితే దారిలో మరొకరు విప్పనవసరం లేదు. పుటలను సిద్ధపరచేవారే పాఠ్యాన్ని కుదించి, చిత్రాలను తగు పరిమాణంలో ఉంచినచో పాఠకుని ధనమూ మిగులుతుంది, గోప్యమూ నిలుస్తుంది.