దొడ్డిదారి వద్దు.. పునాదే ముద్దు!

ఐటీ కొలువుకు తొలి అడుగు ఎటు?

కరీంనగర్: ఇంజినీరింగ్ చివరి పరీక్షలు ముగియగానే జిల్లాకు చెందిన ఎందరో విద్యార్థులు హైదరాబాద్ బస్సెక్కి అమీర్‌పేటలో దిగుతారు. మైత్రీవనం పరిసరాల్లోని హాస్టల్ గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు. ఉదయం ఒక కోర్సు, సాయంత్రం మరొకటి. ఇంటి వద్ద తల్లి కుదువపెట్టిన బంగారమో, తండ్రి అమ్మిన అరెకరమో ఈ ఖర్చుకు ఆధారం. ఆరు నెలలు గడిచినా ఇంటర్వ్యూ పిలుపు రాదు. సరిగ్గా అప్పుడే ఓ కన్సల్టెన్సీ ప్రతినిధి తారసపడతాడు. ‘మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పెడదాం, ఇంటర్వ్యూ సంగతి మేం చూసుకుంటాం’ అని ఊరిస్తాడు. ఐటీ ఉద్యోగ ప్రయత్నంలో కుటుంబాలు ఎక్కువగా నష్టపోయేది ఈ మలుపులోనే. విద్యార్థికి తెలివి లేక ఈ స్థితి రావడం లేదు. దేన్ని ముందు నేర్చుకోవాలో, దేన్ని తర్వాత నేర్చుకోవాలో చెప్పేవారు లేకపోవడం వల్లనే వస్తోంది.

జోరు తగ్గింది.. వడపోత పెరిగింది

కరోనా తర్వాత 2021, 2022 సంవత్సరాల్లో ఐటీ సంస్థలు కొత్తవారిని పెద్దసంఖ్యలో తీసుకున్నాయి. ఆపై వేగం మందగించింది. 2022లో ఆఫర్ లేఖలు అందుకుని కూడా చేరిక తేదీ కోసం ఏడాదికి పైగా ఎదురుచూసినవారున్నారు. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే దాదాపు 12 వేల మందిని తగ్గించుకోనున్నట్లు ప్రకటించింది. పెద్ద సేవాసంస్థల్లో ఫ్రెషర్ల సాధారణ వార్షిక వేతనం కూడా పదేళ్లకు పైగా మూడున్నర లక్షల రూపాయలకు అటూఇటూగానే ఉండిపోయింది. అలాగని నియామకాలు ఆగిపోలేదు. ఎంపికలో వడపోత మాత్రం కఠినమైంది.

ఆ వడపోత మార్కుల జాబితాతోనే మొదలవుతుంది. పదో తరగతి, ఇంటర్, డిగ్రీల్లో 60 శాతం మార్కులు ఉండాలని, బ్యాక్‌లాగ్‌లు మిగిలి ఉండరాదని చాలా సంస్థలు నిబంధన పెడుతున్నాయి. అందువల్ల మూడో ఏడాదిలో తప్పిన రెండు సబ్జెక్టులను అలాగే వదిలి కోచింగ్‌కు పరుగెత్తడం తలకిందుల వ్యవహారం. తర్వాతి మెట్టు ఆన్‌లైన్ పరీక్ష. ఇందులో అంకగణితం, తార్కిక ప్రశ్నలు, ఆంగ్లం, ప్రోగ్రామింగ్ ఉంటాయి. టీసీఎస్ 2018 నుంచి జాతీయ అర్హత పరీక్షను నిర్వహిస్తోంది. ప్రాంగణ నియామకాలకు సంస్థలు రాని కళాశాలల విద్యార్థులకు ఇటువంటి పరీక్షలే ప్రధాన ద్వారం. సాంకేతిక, మానవ వనరుల ఇంటర్వ్యూలు ఆ తర్వాతే.

ఒక్క భాష చాలు

నెల రోజులు పైథాన్, మరో నెల జావా, ఆపై డేటా సైన్స్, క్లౌడ్, డెవాప్స్.. బోర్డుపై కనిపించిన ప్రతి కోర్సులో చేరినవారి రెజ్యూమె నిండుగానే కనిపిస్తుంది. కానీ ఒక పదంలోని అక్షరాలను తిరగేసి చూపే పది వరుసల ప్రోగ్రామ్ రాయమంటే కలం కదలదు. ఇంటర్వ్యూ చేసేవారికి కావలసింది కోర్సుల సంఖ్య కాదు. సి, జావా, పైథాన్‌లలో ఏదో ఒక భాషను లోతుగా నేర్చుకుంటే రెండోది వారాల్లో పట్టుబడుతుంది. దానికి తోడుగా డేటా స్ట్రక్చర్స్, సమాచారాన్ని పట్టికల్లో దాచి వెలికితీసే ఎస్‌క్యూఎల్, లైనక్స్‌లో ప్రాథమిక ఆదేశాలు, రాసిన కోడ్‌లో మార్పులను నమోదు చేసే గిట్ తెలిసి ఉండాలి. డెవాప్స్, కృత్రిమ మేధ వంటివన్నీ ఈ పునాదిపై లేచే అంతస్తులే. రోజుకు రెండు గంటల చొప్పున మానకుండా సాధన చేస్తే ఎనిమిది నెలల్లో ఈ పునాది ఏర్పడుతుంది. ఇందుకు డిగ్రీ పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు.

కొన్న ప్రాజెక్టు కొంప ముంచుతుంది

చివరి సంవత్సరం ప్రాజెక్టును దుకాణంలో కొని తెచ్చుకోవడం ఏళ్లుగా సాగుతున్న తంతు. సీడీ ఇచ్చే రోజులు పోయి పెన్‌డ్రైవ్ వచ్చింది, అంతే తేడా. ఆ ప్రాజెక్టు గురించి రెండో ప్రశ్న వేయగానే గుట్టు బయటపడుతుంది. కళ్లెదుట ఉన్న చిన్న అవసరాన్ని తీసుకుని సొంతంగా చేసినదైతే పదో ప్రశ్నకూ జవాబుంటుంది.

ఊళ్లోని ధాన్యం కొనుగోలు కేంద్రాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. అక్కడ రైతు పేరు, వచ్చిన తేదీ, తేమ శాతం, బస్తాల సంఖ్య, తూకం, చెల్లింపు.. ఇవన్నీ రిజిస్టరులో రాస్తారు. వీటిని రైతులు, తూకాలు, చెల్లింపులు అనే మూడు పట్టికలుగా విడదీసి కంప్యూటర్‌లోకి ఎక్కించడం మొదలుపెడితే, పుస్తకంలో బట్టీపట్టిన పాఠాలన్నీ ఒక్కొక్కటిగా ఎదురొస్తాయి. ఒకే ఊళ్లో ఒకే పేరుగల రైతులు ఇద్దరుంటే ఒకరి సొమ్ము మరొకరి ఖాతాకు పోకుండా ఎలా చూడాలి? ప్రతి రైతుకూ ప్రత్యేక సంఖ్య ఇవ్వాలి. ప్రైమరీ కీ అంటే అదే. తేమ 17 శాతం మించితే ధాన్యాన్ని ఆరబెట్టమంటారు గనుక, అంతకుమించిన అంకె వేస్తే ప్రోగ్రామ్ హెచ్చరించాలి. తూకం నమోదై, చెల్లింపు నమోదయ్యేలోపు కరెంటు పోతే? రెండూ జరగాలి, లేదా రెండూ రద్దు కావాలి. ట్రాన్సాక్షన్ అనే భావన పుట్టింది ఇందుకే. మండలాలవారీగా మొత్తం ఎంత వచ్చిందో ఒక్క ఆదేశంతో చూపగలిగితే ఎస్‌క్యూఎల్‌లో సగం పాఠం పూర్తయినట్లే. ఇంత చేసిన విద్యార్థి దాన్ని గిట్‌హబ్‌లో ఉంచి, ఎందుకు అలా చేశాడో వివరించగలిగితే పది సర్టిఫికెట్లకు మించిన బలం చేకూరుతుంది.

చాట్‌జీపీటీ వంటి సాధనాలు ఇటువంటి ప్రోగ్రామ్‌ను నిమిషాల్లో రాసి ఇస్తున్నాయన్నది వాస్తవమే. ఉద్యోగంలో చేరాక వాటిని వాడవలసి వస్తుంది కూడా. అయితే అవి రాసిన దానిలో పొరపాటు ఎక్కడుందో గుర్తించడం మనిషి పనే. అందువల్ల తొలి ప్రయత్నం సొంతంగా చేసి, ఆ తర్వాత సాధనం ఇచ్చిన జవాబుతో పోల్చి చూసుకునే పద్ధతి మేలు. మొదటి రోజు నుంచే నకలు చేసేవారు ఇంటర్వ్యూలో ఒక్క వరుసను మార్చమన్నా తడబడతారు.

ఆంగ్లం విషయంలో తెలుగు మాధ్యమ విద్యార్థుల భయం అవసరానికి మించినది. విదేశీ యాస ఎవరూ అడగరు. తాను చేసిన పనిని పది సరళ వాక్యాల్లో, ఆగకుండా చెప్పగలిగితే చాలు. రోజూ ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడి రికార్డు చేసి వినడం ఖర్చులేని సాధన.

ఉచితంగా.. ఉన్నచోటే

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ పాఠాలను ఎవరైనా ఉచితంగా వినవచ్చు. పరీక్ష రాసి ధ్రువపత్రం పొందాలనుకుంటేనే రుసుము. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన స్వయం వేదిక, ఇన్ఫోసిస్ స్ప్రింగ్‌బోర్డ్ కూడా అందుబాటులో ఉన్నాయి. విద్యార్థుల శిక్షణకు రాష్ట్రంలో టాస్క్ ఏర్పాటైంది. కరీంనగర్‌లో 2020 జులైలో ఐటీ టవర్ ప్రారంభమైంది. చిన్న సంస్థలో ఇంటర్న్‌షిప్ దొరికినా తొలి అనుభవానికి పనికొస్తుంది.

అమీర్‌పేట శిక్షణ అంతా వృథా అనడం సరికాదు. కష్టపడి చెప్పే బోధకులు అక్కడ ఉన్నారు. అయితే ప్రాథమికాంశాలు వచ్చాకే వెళ్లాలి. డెమో తరగతులు విని, బోధకుడు ఏం పనిచేశాడో అడిగి, ఫీజును వాయిదాల్లో చెల్లించాలి. ‘నూరు శాతం ఉద్యోగ హామీ’ అన్న బోర్డు కనిపిస్తే ఆ మెట్లు ఎక్కకపోవడమే మంచిది.

బీఎస్సీ, బీసీఏ చదివినవారికీ దారులున్నాయి. విప్రో వారిని చేర్చుకుని ఉద్యోగంతోపాటు ఎంటెక్ చదివించే కార్యక్రమాన్ని నిర్వహిస్తోంది. హెచ్‌సీఎల్ టెక్‌బీ పేరుతో ఇంటర్ పూర్తిచేసినవారికి శిక్షణ ఇచ్చి తీసుకుంటోంది. శిక్షణకు రుసుము, మార్కుల నిబంధనలు ఉండవచ్చు గనుక సంస్థల సొంత వెబ్‌సైట్లలోనే వివరాలు చూసుకోవాలి.

కాగితాలు ఎక్కడ దొరికిపోతాయి?

నకిలీ అనుభవ పత్రాలు, జీతపు రశీదులు, ఫోన్ చేస్తే ‘అవును, మా దగ్గర చేశాడు’ అని పలికే మనిషి.. ఒకప్పుడు ఇంతటితో గట్టెక్కినవారున్నారు. ఇప్పుడు పరిస్థితి వేరు. 2014 నుంచి భవిష్యనిధి చందాదారులకు యూఏఎన్ సంఖ్య ఇస్తున్నారు. ఏ సంస్థలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానారో అందులో నమోదవుతుంది. జీతంలో పన్ను కోత ఉంటే ఆదాయపు పన్ను శాఖ 26ఏఎస్ పత్రంలో కనిపిస్తుంది. రెజ్యూమెలోని తేదీలు వీటితో పొసగకపోతే విచారణ మొదలవుతుంది. ఈ తనిఖీ ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా జరగవచ్చు. తేలిన రోజే తొలగిస్తారు. చేతిలో మిగిలేది అనుభవ లేఖ లేని ఖాళీ కాలం. ఇంటర్వ్యూలో ఒకరి బదులు మరొకరు మాట్లాడే పద్ధతీ అంతే. పనిలో చేరిన మొదటి వారంలోనే తేడా తెలిసిపోతుంది.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం నకిలీ పత్రం తయారుచేయడమే కాక, నకిలీ అని తెలిసి దాన్ని వాడటమూ నేరమే. మోసపోయినవారు ఫిర్యాదుకు వెనుకాడటానికి ఇదే కారణం. పత్రం తమ పేరుతోనే ఉంటుంది. కన్సల్టెన్సీల ధైర్యం కూడా అదే.

నకిలీ పత్రం జోలికి పోకుండా, ఉద్యోగం ఇప్పిస్తామన్న మాట నమ్మి డబ్బు చెల్లించినవారికి అటువంటి ఇబ్బంది లేదు. పేరున్న సంస్థలు నియామకానికి అభ్యర్థి నుంచి డిపాజిట్ వసూలు చేయవు. ఆఫర్ లేఖ వస్తే పంపిన ఈ-మెయిల్ చిరునామా సంస్థ అధికారిక చిరునామాయేనా అని చూడాలి. ఆన్‌లైన్‌లో సొమ్ము పంపి మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేస్తే, ఆ సొమ్ము చేతులు మారకముందే ఖాతాలో నిలిపివేసే వీలుంటుంది. నేరుగా చెల్లించినవారు రశీదులు, వాట్సాప్ సంభాషణలు చెరిపేయకుండా సమీప పోలీస్‌స్టేషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.